నోటీసు సెలవుకు తొలి లబ్ధిదారుడు

"రాజీనామా ఇచ్చిన ఉద్యోగి కూడా ఉద్యోగే! నోటీసు కాలంలో అతను తీసుకునే సెలవు దయ కాదు, దానం కాదు, హక్కు! ఆ హక్కుకి అడ్డొచ్చినవాడు ఎంతటివాడైనా నేను ఊరుకోను!"

సోమవారం ఉదయం పదకొండు గంటలకి మా కార్మిక సంక్షేమ శాఖ మంత్రిగారు ఈ మాటలు అని బల్ల గుద్దారు. నీళ్ళ గ్లాసు పడింది. నీళ్ళు ఉపన్యాసం కాగితాల మీదకి పారాయి. అయినా ఆయన తడబడలేదు. ఆ కాగితాలు వేరే సభవనీ, దీనికి అసలు ఉపన్యాసమే రాయలేదనీ, ఇది అరగంట కిందట పుట్టిన ఆలోచన అనీ తర్వాత తెలిసింది. గొప్ప ఆలోచనలు అలాగే పుడతాయి. నా బుర్రలో యాభై రెండేళ్ళుగా ఒక్కటీ పుట్టలేదు కాబట్టి నాకు పోలిక తెలియదు.

నేను ఆఖరి వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను. ఎందుకంటే మా శాఖలో నాలుగు వందల పన్నెండు మంది ఉద్యోగులుంటే, ఆ రోజుకి రాజీనామా ఇచ్చి నోటీసు కాలంలో ఉన్నవాడు ఒక్కడే. నేనే.

పాఠకులకి నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడికి ప్రభుత్వం ఇవ్వగలిగినంత పెద్ద ఉద్యోగం అది. మా శాఖకి వచ్చే ప్రతి కాగితం ముందు నా కిటికీకి రావాలి. నేను తేదీ తిప్పి, "అందినది" అని ముద్ర కొట్టి, పక్కన పొట్టి సంతకం పెడతాను. ముద్ర పడితేనే కాగితం వచ్చినట్టు. పడకపోతే, కళ్ళెదురుగా బల్ల మీద ఉన్నా రానట్టే. ఒకసారి మా వెనక గదికి నిప్పంటుకుందని పక్క ఆఫీసువాళ్ళు రాసి పంపిన కాగితం, నేను భోజనానికి వెళ్ళడం వల్ల రెండున్నరకి అందింది. మంట మాత్రం ఒంటిగంటకే వచ్చేసింది. విచారణ జరిగింది. తొందరపడింది మంటేనని తేలింది.

ముద్ర ఇనప పెట్టెలో ఉంటుంది. పెట్టె తాళంచెవి నా నడుముకి, బెల్టుకి వేలాడుతూ ఉంటుంది. ఉద్యోగంలోంచి వెళ్ళిపోయే ఆఖరి రోజున తప్ప ఆ తాళంచెవి ఇంకొకరికి ఇవ్వకూడదని నిబంధన. అందుకే ఆఫీసులో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. "కిటికీ" అంటారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత మా ఆవిడ కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచింది. అప్పట్నుంచి అలవాటైపోయింది.

ఇక నా రాజీనామా. ఇరవయ్యారేళ్ళుగా నేను కూర్చునేది వీపు లేని స్టూలు మీద. వీపున్న కుర్చీ ఇప్పించమని పదకొండుసార్లు రాసుకున్నాను. పదకొండు కాగితాలకీ అందినట్టు నేనే ముద్ర కొట్టాను. పన్నెండోసారి రాజీనామా రాశాను. "అయ్యో, నువ్వు లేకపోతే ఆఫీసేం కావాలయ్యా" అని సూపరింటెండెంటు పరిగెత్తుకొస్తాడు, అప్పుడు నేను మొహం పక్కకి తిప్పుకోవాలి అనుకున్నాను. మొహం ఎంత మేరకు తిప్పుకోవాలో ఇంట్లో అద్దం ముందు రెండు రోజులు చూసుకున్నాను కూడా.

సూపరింటెండెంటు కాగితం చూశాడు. "ముద్ర కొట్టావా?" అన్నాడు.

"లేదు సార్."

"కొట్టుకురా."

కొట్టుకొచ్చాను. పదకొండు నిమిషాల్లో ఆమోదం అయిపోయింది. తొంభై రోజుల నోటీసు. తిప్పుకోవడానికి సిద్ధం చేసుకున్న మొహం అలాగే మిగిలిపోయింది.

ఈ విషయంలో మంత్రిగారూ నాలాంటివారే. అదొక్కటే నాకు గర్వకారణం. ఎనిమిది నెలల కిందట, తన ప్రాంతానికి వంతెన ఇవ్వలేదని టీవీ కెమెరాల ముందు కంటతడి పెట్టి, రాజీనామా రాసి పెద్దాయనకి పంపారు. పెద్దాయనంటే ప్రభుత్వం మొత్తానికి పెద్ద. ఆయన దాన్ని ఒప్పుకోనూ లేదు, తిప్పి పంపనూ లేదు. అందువల్ల మంత్రిగారు త్యాగం చేస్తూనే పదవిలో ఉన్నారు. కారు, బంగళా కూడా ఆయనతో పాటు త్యాగంలోనే ఉన్నాయి. నాది పదకొండు నిమిషాలు, ఆయనది ఎనిమిది నెలలు. పెద్దవాళ్ళ రాజీనామాకీ చిన్నవాళ్ళ రాజీనామాకీ ఆమాత్రం తేడా ఉండాలి.

నేను సెలవు అడిగింది కుర్చీ కోసం కాదు, మా ఆవిడ కంటి కోసం. ఆమె ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న కుడి కంట్లో రెండేళ్ళుగా పొర కమ్ముకుంటోంది. చక్కెర డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీస్తే ఆమె నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. ఈమధ్య గుమ్మం అనుకుని గోడలోకి నడిచింది. ఆ రోజు ఇద్దరం నవ్వలేదు. నాలుగు నెలలు తిరిగితే పెద్దాసుపత్రిలో ఆపరేషనుకి గురువారం తేదీ దొరికింది. తోడు ఒకరు మూడు రోజులు ఉండి తీరాలన్నారు. మాకు పిల్లల్లేరు. ఉన్న తోడు నేనే, ఎలాంటివాడినైనా.

శుక్రవారం సూపరింటెండెంటు దగ్గర సెలవు కాగితం పెట్టాను.

"నోటీసులో ఉన్నావు కదయ్యా. వెళ్ళిపోయేవాడికి సెలవెందుకు?"

"ఇంకా వెళ్ళలేదు కదా సార్."

"వెళ్ళాక అన్నీ సెలవులే కదా. కాస్త ఓపిక పట్టు."

"కన్ను ఓపిక పట్టదంట సార్. డాక్టరు చెప్పాడు."

"అయితే కన్ను చేతే ఒక కాగితం రాయించుకురా," అని ఆయన నవ్వాడు. ఆయన హాస్యప్రియుడు. నేనూ నవ్వాను. నేను భయస్తుణ్ణి.

సోమవారం పొద్దున పదిన్నరకి నేను ముద్ర తుడుచుకుంటూ ఉంటే, మంత్రిగారి పీఏ వసారాలో పరిగెత్తుతూ కనిపించాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. పెద్దాయన ఆఫీసు నుంచి ఎవరో తెలిసినవాళ్ళు ఫోను చేశారనీ, ఏదో బయల్దేరిందని చెప్పారనీ టైపిస్టు అంది. ఏం బయల్దేరిందో ఆమెకీ తెలియదు. అరగంటలో సభ పెట్టారు. నోటీసు కాలపు సెలవు హక్కు పుట్టింది.

సభ అయ్యాక పీఏ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఇరవై మెట్లు దిగి వచ్చాడు.

"కిటికీగారూ!" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"మీరేనండీ. మీకు లీవు శాంక్షనైంది. ఈ క్షణం నుంచి వారం రోజులు."

"నాకు కావాల్సింది గురువారం నుంచి సార్. మూడు రోజులే."

"హక్కుని అలా చిల్లరగా వాడకూడదు. ఇప్పుడే. కిటికీ మూసెయ్యండి."

"చార్జి ఎవరికిమ్మంటారు? ముద్ర..."

"ఎవరికీ వద్దు!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిబంధన నిబంధనే. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. ఎవరు అడిగినా ఇవ్వకండి. మీ ఆవిడ అడిగినా సరే," అన్నాడు.

మా ఆవిడ ఇరవయ్యారేళ్ళలో ఎన్నడూ ఆ తాళంచెవి అడగలేదు. ఈ సంగతి చెబుదామనుకునేలోపు నన్ను మంత్రిగారి గదిలోకి తోశారు.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. నా కోసం! కుడి చెయ్యి నా భుజం మీద వేశారు. ఎడమ చేత్తో సెలవు ఉత్తర్వు అందించారు. ఫొటోగ్రాఫరు మూడు ఫొటోలు తీశాడు.

"పెట్టెకి ఇంకో తాళంచెవి ఉందా?" అని అడిగారు మంత్రిగారు ఫొటోల మధ్యలో.

"పదేళ్ళ కిందటే పోయింది సార్. కొత్తది చేయించమని రాశాను. ఎవరూ..."

"శభాష్!" అన్నారు. ఒక చిన్న ఉద్యోగి తాళంచెవి గురించి కూడా పట్టించుకునే మంత్రి ఎక్కడైనా ఉంటాడా? నాకు కళ్ళు చెమర్చాయి.

నేను కిటికీ చెక్క దించి గొళ్ళెం పెడుతూ ఉంటే, ముఖమంతా చెమటతో ఒక మనిషి వచ్చాడు. చేతిలో పొడుగాటి కవరు, దాని మీద ఎర్రటి లక్క.

"ఒక్క ముద్ర బాబూ, అర్జెంటు..."

నేను అలవాటు కొద్దీ గొళ్ళెం మీద చెయ్యి వేశాను. పీఏ నా చెయ్యి పట్టుకున్నాడు. "వారు లీవులో ఉన్నారు," అన్నాడు ఆ మనిషితో. "లీవులో ఉన్న ఉద్యోగి చేత పని చేయిస్తే హక్కుల ఉల్లంఘన." నన్ను ఆఫీసు కారులో ఇంటికి పంపించారు. ఆ కారులో నేను అంతకుముందు ఒక్కసారే ఎక్కాను. అదీ టైరు మార్చడానికి.

మర్నాటికల్లా పోస్టర్లు పడ్డాయి. "నోటీసులో ఉన్నా సెలవు నా హక్కు" అని పైన. కింద మేమిద్దరం. నేను కెమెరాకేసి చూసి ఇకిలిస్తున్నాను. మంత్రిగారు మాత్రం కళ్ళు దించుకుని ఉన్నారు. వినయం అంటే అది. నాకు చేతకాలేదు.

గురువారం తెల్లారగానే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. కంటి విభాగం తలుపుకే నా పోస్టరు అంటించి ఉంది. నాకు ఛాతీ కొంచెం పొంగింది. తలుపుకి తాళం వేసి ఉంది. ఛాతీ ఆగింది.

నర్సు వచ్చింది. "డాక్టరుగారు లేరు. లీవు."

"ఈ రోజు ఆపరేషను తేదీ ఇచ్చారమ్మా."

"ఇచ్చారు. ఆయన ఆరు వారాల కిందట రాజీనామా ఇచ్చారు. నోటీసులో ఉన్నారు. పెళ్ళాంబిడ్డల మొహం చూసి ఏడాదైందని లీవడుగుతూనే ఉన్నారు, ఎవరూ ఇవ్వలేదు. ఈ పోస్టరు పడ్డ పూటే కాగితం పెట్టేసి వెళ్ళిపోయారు. పదిహేను రోజులు రారు."

వసారాలో ముప్ఫై మంది ఉన్నారు. అందరికీ కళ్ళ జబ్బే కాబట్టి నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. లేకపోతే ఇది రాయడానికి చేతులు మిగిలేవి కావు. అయినా తువ్వాలు తీసి మొహానికి చుట్టుకున్నాను.

మా ఆవిడ తలుపుకేసి మొహం పెట్టి నిలబడింది. ఆమెకి అక్కడ రంగులు మాత్రమే కనపడతాయి. "ఏమండీ, ఎవడో లీవు తీసుకుని ఫొటో దిగాడంట కదా. ఎవడండీ ఆ వెధవ?"

"ఎవడో," అన్నాను.

"వాడికి పెళ్ళాం లేదా?"

"ఉన్నట్టే ఉంది."

"దాని కళ్ళు బాగున్నాయేమో. అందుకే వాడికి తెలియట్లేదు."

ఇంటికి తిరిగి వస్తూ దారంతా ఆలోచించాను. పదిహేను రోజుల తర్వాత డాక్టరు వస్తాడు. అప్పటికి నా వారం సెలవు అయిపోతుంది. మళ్ళీ కాగితం పెడితే సూపరింటెండెంటు మళ్ళీ హాస్యమాడతాడు. డాక్టరు నోటీసు కూడా అయిపోతే ఇంకో నాలుగు నెలలు తిరగాలి. ఆ కన్ను అంతవరకు ఆగదు. కాబట్టి మిగిలిన మూడు రోజుల సెలవు వెనక్కి ఇచ్చేసి, దాచుకోవాలి. నేను చేసిన తెలివైన ఆలోచన ఇదొక్కటే. అదీ ఎక్కడికి దారితీసిందో చూడండి.

శుక్రవారం ఆఫీసుకి వెళ్ళాను. మూసిన నా కిటికీ మీదే పోస్టరు అంటించారు. దాని ముందు బెంచీ మీద ఆ లక్క కవరు మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కన అన్నం క్యారియరు, దుప్పటి, దువ్వెన. సంసారం పెట్టేశాడు.

"ఏమన్నా," అన్నాడు నన్ను చూసి. "ఈ కిటికీ ఆయన ఎప్పుడొస్తాడో తెలుసా?"

నేను తువ్వాలు సరిచేసుకున్నాను. "తెలీదన్నా. ఎన్నాళ్ళుగా ఉన్నావు?"

"సోమవారం నుంచి. పైన ఇస్తానంటే కింద ముద్ర పడాలంటారు. ముద్రాయన్ని పిలిపించండంటే హక్కంటారు. రసీదు లేకుండా తిరిగొస్తే ఒప్పుకోనని పెద్దాయన చెప్పాడు."

"కవర్లో ఏముందంట?"

"నాకేం తెలుసు? పెద్దాయన ఏదో పాత కాగితం తీసి, దాని మీద సంతకం పెడుతూ నవ్వాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన నవ్వగా చూడడం నాకదే మొదలు." పోస్టరుకేసి చూశాడు, నాకేసి చూశాడు. "ఇతను అచ్చం నీలాగే ఉన్నాడే."

"ఆయన నాకంటే కొంచెం బాగుంటాడు," అన్నాను.

అంతలో పీఏ మెట్ల మీంచి నన్ను చూశాడు. మళ్ళీ చెప్పులు చేతికొచ్చాయి. నన్ను రెక్క పట్టుకుని సైకిళ్ళ షెడ్డు వెనక్కి లాక్కెళ్ళాడు.

"నువ్వెందుకొచ్చావు? ఎవరు పిలిచారు? వాడితో ఏం మాట్లాడావు?"

"డ్యూటీలో చేరతాను సార్. మిగిలిన సెలవు దాచుకుంటాను."

"లీవులో ఉన్నవాడు ఆఫీసుకొస్తే క్రమశిక్షణ చర్య తీసుకుంటాం, తెలుసా? హక్కు వాడుకోకపోవడం కూడా నేరమే!"

ఇరవయ్యారేళ్ళలో నేను ఆఫీసుకి రావద్దని ఒక మనిషి చేతులు పట్టుకోవడం అదే మొదటిసారి. నేను అంత విలువైనవాణ్ణని నాకు తెలియదు. డాక్టరు సంగతి చెప్పాను.

పీఏ మొహం విచ్చుకుంది. "ఇంతేనా?" అని జేబులోంచి ఫోను తీశాడు. ఆసుపత్రి పెద్దని పట్టుకున్నాడు.

"ఏమండీ, మీ కంటి డాక్టరు లీవులో ఉన్నాడంట? ... ఉత్తర్వు ఉంటే ఉందండీ! నోటీసులో ఉన్నవాడికి లీవేమిటి? వెళ్ళిపోయేవాడికి సెలవెందుకు? ... పిల్లల్ని వెళ్ళాక చూసుకోమనండి. రద్దు చెయ్యండి. రేపు పొద్దున కత్తి పట్టుకుని రెడీగా ఉండాలి."

ఫోను జేబులో పెట్టుకుని నా భుజం తట్టాడు. "చూశావా? నీ హక్కు కోసం ఎంత దూరమైనా వెళ్తాం."

నేను దణ్ణం పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. చేతులు వాటంతట అవే లేచాయి. వాటికి ఇరవయ్యారేళ్ళ సర్వీసుంది.

అక్కడే, సైకిలు సీటు మీద కాగితం పెట్టి, నా సెలవు పొడిగించాడు. మళ్ళీ చెప్పేవరకు.

"మళ్ళీ చెప్పేదెప్పుడు సార్?"

"చెప్పినప్పుడు."

"మరి నా నోటీసు? ఇంకో యాభై రోజుల్లో అయిపోవాలి."

"సెలవు రోజులు నోటీసులో లెక్కలోకి రావు. నీ నోటీసు అక్కడే ఆగి ఉంటుంది. నువ్వు రాజీనామా చేసినట్టూ ఉంటుంది, ఉద్యోగం ఉన్నట్టూ ఉంటుంది. మంత్రుల స్థాయి హోదా అయ్యా ఇది!"

నిజమే. ఏడో తరగతివాడికి ఇంతకంటే ఏం కావాలి? గోడ పక్కనుంచి, లక్క కవరు మనిషి కంట పడకుండా, వెనక గేటులోంచి బయటపడ్డాను. నడుముకి తాళంచెవి గలగలమంటే చేత్తో నొక్కి పట్టుకున్నాను.

శనివారం ఆపరేషను జరిగింది. డాక్టరు సెలవు మధ్యలోంచి లేచి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చెయ్యి మాత్రం వణకలేదు. అందుకు నేను ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ మాట చెబుదామంటే తువ్వాలు తియ్యాలి. తియ్యలేదు.

మంగళవారం కట్టు విప్పారు. చిన్న గది. ఒక గోడకి అక్షరాల పలక. పక్క గోడకి నా పోస్టరు.

డాక్టరు మా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాడు. వీపున్న కుర్చీ. దూది తీశాడు. ఆమె కన్ను ఆర్పింది, తెరిచింది, మళ్ళీ ఆర్పింది.

"ఆ పలక మీద ఏముందో చదవమ్మా."

"నాకు చదువు రాదు బాబూ."

"పోనీ, ఆ బొమ్మ చూసి ఏం కనపడుతోందో చెప్పు."

ఆమె పోస్టరుకేసి చూసింది. ముందు వేలు చూపించి, "ఇద్దరు మగవాళ్ళు," అంది. తర్వాత, "ఒకాయన తెల్లచొక్కా, పెద్దమనిషి." తర్వాత ఆగింది. మెల్లిగా నాకేసి తిరిగింది. నా తువ్వాలు కిందికి లాగింది. రెండేళ్ళ తర్వాత నా మొహం సరిగ్గా చూడడం అదే.

"ఆ వెధవ మీరేనా!"

డాక్టరు కూడా నాకేసి చూశాడు. తిడితే బాగుండేది.

"ఇంకా పరీక్షగా చూడమ్మా," అన్నాడు. "ఆ పెద్దమనిషి ఎటు చూస్తున్నాడు?"

మా ఆవిడ కుర్చీలో ముందుకి వంగింది. చాలాసేపు చూసింది.

"మా ఆయన మొహంకేసి కాదు."

"మరి? కాగితంకేసా?"

"కాదు. కిందికి. ఈయన నడుముకేసి. అక్కడేదో సన్నగా వేలాడుతోంది... తాళంచెవి. దాన్నే చూస్తున్నాడు. ఆకలేసినవాడు చూసినట్టు."

డాక్టరు పోస్టరు దగ్గరికి వెళ్ళి చూశాడు. వెనక్కి తిరిగి నా నడుముకేసి చూశాడు. తిరిగొచ్చి కూర్చుని చీటీ తీసుకున్నాడు.

"చూపు సరిగ్గా ఉంది," అని రాశాడు.

నేను చొక్కా కిందికి లాక్కున్నాను.